మణిపూర్ గురించి మాట్లాడే మన పాస్టర్లకు, స్వామీజీలకు బహిరంగ లేఖ

గౌరవనీయులైన పాస్టరయ్యగార్లకు, బిషప్‌లకు, మఠాధిపతులకు, స్వామీజీలకు,

వందనాలు, నమస్కారాలు.

నేను ఒంగోలు వాణ్ణి. బాప్టిస్టు సంఘంలో పుట్టి పెరిగాను. ఈ లేఖ మణిపూర్ గురించి. ఆ రాష్ట్రం గురించి మీరు మన తెలుగువాళ్లకు చెబుతున్న తీరు గురించి కూడా.

2023 మే నెలలో అక్కడ ఇళ్లు తగలబడటం మొదలైనప్పుడు మా సంఘాల వాట్సాప్ గ్రూపుల్లో వచ్చిన ప్రసంగాలన్నిటిదీ ఒకటే మాట: హిందువులు క్రైస్తవుల్ని చంపుతున్నారు. నా స్నేహితులు పంపిన స్వామీజీల వీడియోలదీ ఒకటే మాట: బర్మా నుంచి చొరబడ్డ క్రైస్తవులు హిందువుల్ని తరిమేస్తున్నారు. రెండు వైపులా కన్నీళ్లు నిజం. చెప్పిన కథ మాత్రం సగం. ఆ సగం కథ పట్టుకుని ఇక్కడ, మణిపూర్ ఎక్కడుందో మ్యాపులో చూపించలేని మనుషులు కూడా ఇరుగుపొరుగుతో మాటామాటా అనుకున్నారు. మీ మాటకు అంత బలం ఉంది కాబట్టే మీకు రాస్తున్నాను.

ముందు అక్కడ జరిగింది జరిగినట్టు చెప్పుకుందాం. మణిపూర్ నేలలో పదో వంతు ఇంఫాల్ లోయ, మిగతాదంతా కొండలు. జనాభాలో సగానికి పైగా ఉన్న మైతేయిలు ఎక్కువగా లోయలో ఉంటారు, వాళ్లలో ఎక్కువమంది హిందువులు. కుకీలు, నాగాలు అనే గిరిజనులు కొండల్లో ఉంటారు, వాళ్లలో ఎక్కువమంది క్రైస్తవులు. కొండల్లో భూమి మైతేయిలు కొనడానికి చట్టం ఒప్పుకోదు. తమకూ ఎస్టీ హోదా కావాలని మైతేయిలు అడుగుతున్నారు. అదొస్తే ఉద్యోగాలతోపాటు చివరికి నేల కూడా పోతుందని కొండవాళ్ల భయం. దానికి తోడు 2021లో మయన్మార్‌లో సైనిక తిరుగుబాటు జరిగాక సరిహద్దు దాటి వచ్చిన శరణార్థులు, గసగసాల సాగు మీద దాడులు, అడవి ఆక్రమణల పేరుతో ఊళ్లు ఖాళీ చేయించడం. ఎస్టీ హోదా డిమాండ్ మీద కేంద్రానికి సిఫారసు పంపమని 2023 మార్చిలో హైకోర్టు చెప్పింది. మే 3న కొండ జిల్లాల్లో గిరిజన విద్యార్థి సంఘం ఊరేగింపులు తీసింది. ఆ సాయంత్రానికే చురాచాంద్‌పూర్, బిష్ణుపూర్ జిల్లాల సరిహద్దులో మైతేయిలకు, కుకీలకు మధ్య గొడవ మొదలై ఊళ్లు అంటుకున్నాయి.

ఆ తర్వాతి లెక్క పోలీసులే చెప్పారు. సెప్టెంబర్ సగానికి 175 మంది చనిపోయారు. 4,786 ఇళ్లు కాలిపోయాయి. 254 చర్చిలు, 132 గుళ్లు ధ్వంసమయ్యాయి. తర్వాత చావుల సంఖ్య 250 దాటింది. దాదాపు 60,000 మంది ఇల్లూవాకిలీ వదిలిపోయారు.

254 చర్చిలు. ఈ అంకె మా వాళ్లందరికీ నోటికి వచ్చు. పక్కనే ఉన్న 132 గుళ్ల సంగతి మా సంఘంలో ఎవరికీ తెలియదు. మీ సత్సంగాల్లో 132 తెలిసినవాళ్లకు 254 తెలుసా స్వామీ? ఒకే పోలీసు అధికారి, ఒకే రోజు, ఒకే వాక్యంలో చెప్పిన రెండు అంకెలు ఇవి. మన దగ్గరికి వచ్చేసరికి విడిపోయాయి.

ఇది మతయుద్ధమే అయితే కొన్ని సంగతులకు జవాబు దొరకదు. లోయలో కాలిపోయిన చర్చిల్లో చాలా భాగం మైతేయి క్రైస్తవులవి. వాళ్లు మతానికి క్రైస్తవులు, జాతికి మైతేయిలు. జాతి వాళ్లను కాపాడలేదు, మతమూ కాపాడలేదు. మరోపక్క నాగాలు కూడా క్రైస్తవులే, 2023 మంటల్లో వాళ్ల జోలికి పెద్దగా ఎవరూ పోలేదు. ఇంకాస్త వెనక్కి వెళితే, 1990ల్లో కుకీలు, నాగాలు ఒకరినొకరు చంపుకున్నారు. ఇద్దరూ బైబిల్ చేతపట్టుకుని ఆదివారం చర్చికి వెళ్లేవాళ్లే. 1993 సెప్టెంబర్ 13న పోయినవాళ్లను తలచుకుని కుకీలు ఇప్పటికీ ఆ రోజున నల్లజెండాలు కడతారు. అక్కడి గొడవ నేల గురించి, పదవుల గురించి, ఎవరి ఊరు ఎవరిదన్న దాని గురించి. చర్చి మీద, గుడి మీద నిప్పు పెట్టింది దేవుడి మీద కోపంతో కాదు. ఇక మీరు ఇక్కడికి తిరిగి రావద్దని ఒక జాతికి చెప్పడానికి. ఊళ్లో ఇల్లు మళ్లీ కట్టుకోవచ్చు, గుడి పోయిన ఊరికి తిరిగి వెళ్లడం అంత తేలిక కాదని తగలబెట్టినవాళ్లకు బాగా తెలుసు.

అయితే మతం పక్కకు తప్పుకుని, రాజకీయం వాళ్లే చూసుకోవాలా? కాదు. మతపెద్దలు తప్ప ఇంకెవరూ చేయలేని పనులు అక్కడ ఉన్నాయి. అందులో ఒకటి చెబుతాను.

చంపబడిన కుకీల శవాలు ఇంఫాల్ ఆసుపత్రుల మార్చురీల్లో ఉండిపోయాయి. వాళ్ల కుటుంబాలు చురాచాంద్‌పూర్ కొండల్లో ఉన్నాయి. చురాచాంద్‌పూర్ మార్చురీలో కొందరు మైతేయిల శవాలు ఉన్నాయి, వాళ్ల కుటుంబాలు లోయలో. మధ్య దూరం 60 కిలోమీటర్లు, ఇంచుమించు మన ఒంగోలు నుంచి బాపట్ల అంత దూరం. ఆ దారి మధ్యలో సైన్యం కాపలా ఉన్న బఫర్ జోన్. ఒక జాతివాళ్లు రెండోవైపు అడుగుపెడితే తిరిగి రారు. మే నెలలో పోయినవాళ్లు జూన్, జూలై, దసరా, దీపావళి దాటినా ఆ డబ్బాల్లోనే ఉన్నారు. నవంబర్ చివర్లో సుప్రీంకోర్టు కలగజేసుకుని అంత్యక్రియలకు ఆదేశాలిచ్చింది. డిసెంబర్ 14న 60 మంది కుకీల శవాలు కొండలకు, నలుగురు మైతేయిల శవాలు ఇంఫాల్‌కు గాల్లో తీసుకెళ్లారు. డిసెంబర్ 20న చురాచాంద్‌పూర్ దగ్గర 87 మందిని ఒకేచోట సమాధి చేశారు. పోయిన ఏడున్నర నెలలకు.

శవం ఇంటికి చేరడానికి దేశ అత్యున్నత న్యాయస్థానం, హెలికాప్టర్లు, తుపాకుల కాపలా కావలసి వచ్చింది. రెండు వైపులా నమ్మే ఒక్క మనిషి ఉంటే చాలు, అంబులెన్సులు నడిచేవి. అలాంటి మనిషి ఎమ్మెల్యే కాలేడు, కలెక్టరూ కాలేడు. ప్రపంచంలో చాలాచోట్ల ఆ మనిషి పూజారో, పాస్టరో, ఫాదరో అయ్యాడు.

కాథలిక్కులకు, ప్రొటెస్టెంట్లకు మధ్య ఏళ్ల తరబడి హింస నడిచిన ఉత్తర ఐర్లాండ్ సంగతే తీసుకోండి. బెల్‌ఫాస్ట్‌లో క్లోనార్డ్ మఠానికి చెందిన అలెక్ రీడ్ అనే కాథలిక్ ఫాదర్ ఉండేవారు. 1988 మార్చి 19న, బ్రిటన్ పాలన మీద ఆయుధాలు పట్టిన ఐఆర్ఏ అనే సంస్థకు చెందిన వ్యక్తి అంత్యక్రియల ఊరేగింపులోకి పొరపాటున కారుతో వచ్చిన ఇద్దరు బ్రిటిష్ సైనికుల్ని గుంపు పట్టుకుని కొట్టింది, తర్వాత కాల్చేశారు. ఆ సైనికులు ఆయన మనుషులు శత్రువు అనుకునే సైన్యంవాళ్లు. రీడ్ నేల మీద పడున్న సైనికుడి పక్కన మోకరిల్లి ఊపిరి ఊదే ప్రయత్నం చేశారు. ఆయన పెదవుల మీద రక్తంతో ఉన్న ఫొటో లోకమంతా చూసింది. ఆ సమయంలో ఆయన దగ్గర ఒక కవరు ఉంది. ఐఆర్ఏకు దగ్గరైన సిన్‌ఫెన్ పార్టీ నుంచి మితవాద నేత జాన్ హ్యూమ్‌కు వెళ్లాల్సిన శాంతి ప్రతిపాదనలు అందులో ఉన్నాయి. కవరుకు రక్తం అంటుకుంది. ఆయన దాన్ని మరో కవరులోకి మార్చి, అదే రోజు చేర్చాల్సిన చోట చేర్చారు. పదేళ్ల తర్వాత, 1998లో గుడ్‌ఫ్రైడే శాంతి ఒప్పందం కుదిరింది. 2005లో ఐఆర్ఏ ఆయుధాలు నిర్వీర్యం చేసినప్పుడు, ఆ పని నిజంగా జరిగిందని రెండు మతాలవాళ్లకూ సాక్ష్యం చెప్పింది ఇద్దరు: కాథలిక్ అలెక్ రీడ్, మెథడిస్టు పాస్టర్ హెరాల్డ్ గుడ్. ప్రభుత్వ కాగితాన్ని నమ్మనివాళ్లు ఆ ఇద్దరి మాట నమ్మారు.

అంత దూరం ఎందుకు, మన దేశంలోనే ఉంది. 1964లో నాగాలాండ్‌లో శాంతి మిషన్‌కు తొలి అడుగు వేసింది అక్కడి బాప్టిస్టు చర్చి కౌన్సిల్. జయప్రకాశ్ నారాయణ్, అస్సాం ముఖ్యమంత్రి చాలిహా, మైఖేల్ స్కాట్ అనే ఫాదర్, ఈ ముగ్గురినీ కూర్చోబెట్టి, అడవిలో ఉండి పోరాడుతున్న నాగా తిరుగుబాటుదారులతో మాట్లాడించారు. ఆ సెప్టెంబర్ 6న కాల్పుల విరమణ మొదలైంది. ఒక గాంధేయవాది, ఒక కాంగ్రెస్ నాయకుడు, ఒక ఆంగ్లికన్ మతగురువు. ఈ ముగ్గుర్నీ పిలవాలని చర్చివాళ్లకు తట్టింది చూడండి, అదీ వివేకం. మా మతంవాడే కావాలని పట్టుబట్టలేదు.

ఇప్పుడు చేదు సంగతి. మతం ఉన్నంత మాత్రాన శాంతి రాదు. 1994లో ఆఫ్రికాలోని రువాండా జనాభాలో అత్యధికులు క్రైస్తవులు. అంతకుముందు 1959 నుంచి గొడవలు జరిగినప్పుడల్లా చర్చిలో దాక్కున్న టుట్సీలు, అంటే అక్కడి మైనారిటీ జాతివాళ్లు, బతికారు. అందుకే 94 ఏప్రిల్‌లో కూడా చర్చిల్లోకే పరిగెత్తారు. కిగాలీకి దక్షిణాన ఎన్‌టరామా అనే ఊళ్లో చిన్న ఇటుకల చర్చి ఉంది. ఏప్రిల్ 15న అక్కడ వేలమందిని గ్రెనేడ్లతో, కత్తులతో చంపారు. ఇప్పుడది స్మారకం. చనిపోయినవాళ్ల బట్టలు లోపలే ఉంచారు. న్యాంగేలో అథనాస్ సెరొంబా అనే ఫాదర్ హయాంలో, జనం లోపల ఉండగానే చర్చిని బుల్‌డోజర్‌తో కూల్చారు. రువాండా మారణకాండ మీద విచారణకు పెట్టిన అంతర్జాతీయ ట్రిబ్యునల్ ఆయనకు జీవితఖైదు వేసింది. వంద రోజుల్లో 8 లక్షల మంది పోయారు. మతపెద్దలు తమ జాతి చేస్తున్న పాపాన్ని పాపమని అనకపోతే ఏం జరుగుతుందో దానికంటే పెద్ద ఉదాహరణ నాకు తెలియదు.

అదే దేశంలో ఉబాల్ద్ రుగిరంగోగా అనే ఫాదర్ ఉండేవారు. టుట్సీ. ఆ మారణకాండలో తల్లినీ, 80 మందికి పైగా బంధువుల్నీ పోగొట్టుకున్నారు. తర్వాత ముషాకా అనే పారిష్‌లో పనిచేశారు. జైళ్ల నుంచి విడుదలైన హంతకులు ఆదివారం వచ్చి అందరితోపాటు ప్రభువు బల్లకు వరుసలో నిలబడుతుంటే, వాళ్లు చంపినవాళ్ల భార్యలు అదే వరుసలో ఉండేవాళ్లు. ఆయన ఒప్పుకోలేదు. చంపినవాళ్లకు ప్రసాదం ఆపేశారు. ఆరు నెలల పాఠాలు పెట్టారు. చేసింది చేసినట్టు ఒప్పుకోవాలి, బాధితుల దగ్గరికి వెళ్లి క్షమాపణ అడగాలి, అప్పుడే సంఘంలోకి. బాధితులకూ విడిగా సమయం ఇచ్చారు. తన తల్లిని చంపిన మనిషిని తాను క్షమించి, అతని బిడ్డ చదువుకు డబ్బు కట్టారు. ఆయన 2021లో చనిపోయారు.

ఈ ఒక్క ఉదాహరణలో నాకు కావలసినదంతా ఉంది. ఆయన సభ పెట్టి అందరి చేతులూ కలిపించి, కొవ్వొత్తులు వెలిగించి, పాట పాడించి పంపించేయలేదు. ముందు నిజం, తర్వాత క్షమాపణ. మన దగ్గర సయోధ్య సభ అంటే స్టేజీ మీద ఒక పాస్టర్, ఒక స్వామి, ఒక ఇమామ్, ముగ్గురి మెడలో దండలు, మర్నాడు పేపర్లో ఫొటో. ఆ ఫొటో వల్ల ఒక్క తల్లి గుండె కూడా చల్లబడదు.

క్షమించమని బాధితుల్ని తొందరపెట్టడం కూడా హింసే. వర్ణవివక్ష పాలన పోయాక దక్షిణాఫ్రికాలో ఆర్చిబిషప్ టుటు నడిపిన సత్య, సయోధ్య కమిషన్‌ను ప్రపంచమంతా మెచ్చుకుంది. నేనూ మెచ్చుకుంటాను. అయినా ఆ పాలన మీద పోరాడి పోలీసు కస్టడీలో చనిపోయిన స్టీవ్ బికో కుటుంబం, నిజం చెప్పినంత మాత్రాన హంతకుల్ని వదిలేస్తారా, మాకు కోర్టు కావాలి అని 1996లో రాజ్యాంగ న్యాయస్థానానికి వెళ్లింది. ఓడిపోయింది. వాళ్లు అడిగినదాంట్లో తప్పు నాకు కనబడదు. మణిపూర్‌లో బి ఫైనోమ్ ఊరి స్త్రీలను నగ్నంగా ఊరేగించిన వీడియో 2023 జూలైలో మనందరం చూశాం. వాళ్ల దగ్గరికి వెళ్లి ఏడుసార్లు కాదు, డెబ్భై ఏళ్ల మారులు, అంటే ఏడు డెబ్భైల సార్లు, క్షమించమన్నాడు ప్రభువు అని వాక్యం చెప్పే హక్కు మనలో ఎవరికీ లేదు. పంటపొలంలో ఉండగా కాల్చి చంపబడ్డ లోయ రైతు ఇంటికి వెళ్లి కర్మ సిద్ధాంతం చెప్పే హక్కూ లేదు.

మరి మనకేం సంబంధం అంటారా? ఉంది. 1878లో గుండ్లకమ్మ ఒడ్డున ఒకేరోజు 2,222 మందికి బాప్తిస్మం ఇప్పించిన మా క్లౌ దొరదీ, మణిపూర్ కొండల్లో ఉఖ్రుల్‌లో బడి పెట్టిన పెటిగ్రూ దొరదీ ఒకే అమెరికన్ బాప్టిస్టు మిషన్. ఇంఫాల్ గోవిందజీ ఆలయంలో రాసలీల ఆడే మైతేయిలది చైతన్య మహాప్రభువు వైష్ణవం. ఆ చైతన్యుడు రామానందరాయలతో ముచ్చటించింది మన గోదావరి ఒడ్డునే, కొవ్వూరులో ఆ చోటుకు ఇప్పటికీ దండం పెట్టుకుంటాం. మైతేయిల సాజిబు చైరావోబా, వాళ్ల కొత్త సంవత్సరం, చాలాసార్లు మన ఉగాది నాడే వస్తుంది. ఆ రోజు వండుకుని, దేవుడికి పెట్టి, సాయంత్రం కొండ ఎక్కుతారు. మైతేయిలు ఎంతో పవిత్రంగా చూసుకునే తాంగ్‌జింగ్ కొండ ఇప్పుడు కుకీల జిల్లాలో ఉంది. సమస్య తేలేదాకా ఆ కొండకు రావద్దని కుకీ సంఘాలు అంటున్నాయి. కుకీలు ఇంఫాల్ ఎయిర్‌పోర్టుకు రాలేక మిజోరంలోని ఐజ్వాల్ మీదుగా పోతున్నారు. ఒకరికి కొండ లేదు, ఇంకొకరికి ఆసుపత్రి లేదు, విమానం లేదు.

ఇక్కడ నేను మిమ్మల్ని అడిగేది చాలా చిన్నది, మన చేతిలో ఉన్నది. మణిపూర్‌లో కుకీ, మైతేయి ఒకే వీధిలో నడవలేరు. హైదరాబాద్‌లో నడవగలరు. సెంట్రల్ యూనివర్సిటీలో, ఇఫ్లూ అనే ఇంగ్లిష్, విదేశీ భాషల యూనివర్సిటీలో, ఆసుపత్రుల్లో, హోటళ్లలో, బ్యూటీపార్లర్లలో ఇద్దరూ ఉన్నారు. 2023 మేలో మన రెండు ప్రభుత్వాలు ప్రత్యేక విమానాలు పెట్టి ఇంఫాల్‌లో చదువుతున్న తెలుగు పిల్లల్ని వెనక్కి తెచ్చుకున్నాయి. మన పిల్లలు క్షేమంగా వచ్చారు, మనం ఊపిరి పీల్చుకున్నాం. అక్కడి పిల్లలు ఇక్కడ ఉన్నారు, వాళ్లకు వెళ్లడానికి ఇల్లు లేదు.

పాస్టరయ్యగారూ, మీ సంఘంలో మణిపూర్ కోసం కానుక ఎత్తినప్పుడు అందులో సగం కాలిపోయిన గుడి ఉన్న ఊరికి పంపండి. ఎవరికి పంపారో ఆదివారం ప్రకటనల్లో చదవండి. కుకీల చేతుల్లో పోయిన మైతేయి రైతుల గురించి ఒక్కసారి ప్రార్థించండి, నోరు తెరిచి, అందరూ వినేలా. స్వామీ, మీరు ఒక మైతేయి క్రైస్తవ సంఘానికి చర్చి కట్టుకోవడానికి ఇటుకలు కొనిపెట్టండి. వాళ్లు మీ గోవిందజీ వీధిలోనే పుట్టినవాళ్లు. కుకీ స్త్రీలకు జరిగింది అధర్మమని మీ నోటితో చెప్పండి, దాని వెనక కానీ, అయితే అని చేర్చకుండా. మీ మనుషుల్లో కొందరికి కోపం వస్తుంది. మా సంఘంలోనూ వస్తుంది, నాకు తెలుసు. కానుకలు తగ్గుతాయేమో కూడా. సొంతవాళ్ల చేత మాట పడకుండా సయోధ్య కుదిర్చిన మతగురువు ఎక్కడా లేడు.

ఆ తర్వాత హైదరాబాద్‌లో ఒక గది చూడండి. చర్చి హాలూ వద్దు, మఠమూ వద్దు, రెండూ కాని చోటు. మైకు వద్దు, కెమెరా వద్దు, బ్యానర్ వద్దు. ఇరవైఏళ్ల కుకీ పిల్లలు కొందరు, మైతేయి పిల్లలు కొందరు. పక్కన ఒక నాగా పెద్ద, పంగల్ అని పిలిచే మణిపూరి ముస్లింల కుటుంబం ఒకటి ఉంటే ఇంకా మంచిది. భోజనం పెట్టండి. వాళ్లు మాట్లాడుకుంటారో, మొహం తిప్పుకుంటారో వాళ్ల ఇష్టం. మొదటిసారి ఎవరూ రాకపోవచ్చు. వచ్చినవాళ్లు లేచిపోవచ్చు. మళ్లీ పిలవండి. అలెక్ రీడ్ మొదటి ఉత్తరం మోసిన నాటి నుంచి ఒప్పందం మీద సంతకాలు పడటానికి పదేళ్లకు పైనే పట్టింది, మధ్యలో ఎన్ని శవాలు లేచాయో లెక్కలేదు.

ఈ లేఖ చదివినవాళ్లలో ఎవరైనా ఆ గదికి ముందుకు వస్తే, భోజనం ఖర్చు నేను, మా సంఘంలో ఇంకో ఇద్దరం కలిసి పెట్టుకుంటాం. వంట ఎవరి చేత చేయించాలో మాత్రం ఆ పిల్లల్ని అడిగి చెప్పండి.

ఇట్లు,
ఒక బాప్టిస్టు విశ్వాసి,
ఒంగోలు